ఈపొద్దు ఏం జూస్తివి?

చిక్కబళ్ళాపురం జిల్లా మొత్తంలో కళ్లు తెరుచుకుని ప్రార్థన చేసే క్రైస్తవుడిని నేనొక్కడినే. జిల్లా అన్నది కొంచెం ఎక్కువైంది; జిల్లాలోని చర్చిలన్నీ తిరిగి చూసినవాణ్ణి కాను. చింతామణిలో మా చర్చి వరకు అనుకోండి. అందులోనూ మగవాళ్లు కూర్చునే వైపు. అందరూ కళ్లు మూసుకుని ఉండగా నావి తెరిచి ఉన్నాయని సాక్ష్యం ఎవరు చెప్తారంటే, చిన్నపిల్లలు చెప్తారు. వాళ్లూ తెరుచుకునే ఉంటారు. వరసల మీదుగా మేం ఒకరినొకరం చూసుకుని, ఏమీ ఎరగనట్టు ముఖాలు తిప్పుకుంటాం. ఒక ఆదివారం పాస్టరుగారు పరలోకం గురించి ప్రార్థిస్తుంటే, నా ముందు కూర్చున్న పెద్దమనిషి మెడ మీద ఒక చీమ కాలరు అంచుదాకా వచ్చి, లోపలికి పోదామా వద్దా అని చాలాసేపు ఆలోచించుకుంది. ఆ చీమ మీద మా సంఘం మాసపత్రికలో ఒక పేజీ రాశాను. అలాంటి పేజీలు నెలకొకటి చొప్పున రాసి రాసి, నాలుగు తాలూకాల్లో రచయితననిపించుకున్నాను. రెండు తాలూకాలు.

కళ్లు తెరుచుకోవడం కొంటెతనం కాదు, పెంపకం. నన్ను పెంచింది మా మేనత్త రాహేలమ్మ. మా అమ్మానాన్నలు బెంగళూరులో మిల్లు పనికి పోతూ, అక్కడి ఒంటిగదిలో పిల్లవాడికి చోటు లేదని నన్ను కెంచార్లహళ్ళి దగ్గర అత్త ఊళ్లో వదిలి వెళ్లారు. కర్ణాటకలోనే అయినా ఊరంతా తెలుగు మాట్లాడే రైతులు, వాళ్ల దేవుళ్లు, వాళ్ల జాతరలు. క్రైస్తవుల ఇల్లు మాదొక్కటే. అత్తకు పిల్లలు లేరు, పట్టుపురుగులు ఉండేవి. రెండు గదుల ఇంట్లో పెద్ద గది పురుగులది, చిన్నది మా ముగ్గురిది: అత్తది, మామది, నాది. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి నిలువు చట్రంలో ఉండేవి. చట్రం కాళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరిచిప్పలు, చీమలు ఎక్కకుండా. పురుగులకు ఘాటు పడదని తాలింపు పెరట్లో పెట్టేది అత్త. మామ బీడీ కాల్చుకోవాలంటే పొలం గట్టుకు పోవాలి, వచ్చి చేతులు, మూతి కడుక్కోవాలి. తలకు వాసన నూనె లేదు, క్రిస్మస్‌కు కూడా లేదు. తరిగిన మల్బరీ ఆకు వాసన, దాని మీద కప్పిన తడి గోనె వాసన, పురుగుల పెంట వాసన కలిసి మా బట్టల్లోకి, మా బైబిలు పేజీల్లోకి, చివరికి బళ్లో నా పలక మీదికి కూడా ఎక్కేవి. పెద్దపురుగులు ఆకు మేస్తుంటే ఇంటి లోపల వాన పడుతున్నట్టు ఉండేది. ఆ వానలో పడుకున్నవాడికి అమ్మ దగ్గర లేదన్న సంగతి కొంచెం మెత్తగా వినబడేది. అది కూడా ఎక్కువే చెప్తున్నాను. గట్టిగానే వినబడేది. వాన ఉండేది, అంతే.

సాయంత్రం ప్రార్థన ఆ పెద్ద గదిలోనే. ఎందుకంటే దీపం పెట్టేవేళకి బల్లులు దిగుతాయి. ఒక్క బల్లి తట్ట అంచుకు చేరిందంటే దాని పొట్ట నిండేదాకా మేస్తుంది. కళ్లు మూసుకుని ఒక కీర్తన, ఒక ప్రార్థన ముగించేలోపు మా కష్టంలో కొంత దాని కడుపులోకి పోతుంది. అందుకని అత్త చీపురుపుల్ల చేతిలో పట్టుకుని, కళ్లు బాగా తెరుచుకుని, గోడల్ని చూస్తూ దేవుడితో మాట్లాడేది. మామా అంతే. నేనూ అంతే. ప్రార్థన అంటే అదేననుకుని పెరిగాను. చిక్కబళ్ళాపురం నుంచి నెలకొకసారి సైకిలు మీద వచ్చే పాస్టరుగారు ఒకసారి మధ్యలో కన్ను తెరిచి, మా ఆరు కళ్లూ చూసి బెదిరిపోయారు.

“రాహేలమ్మా, కండ్లు మూసుకోమ్మా. దేవుని సన్నిధి కదా.”

“మూసుకుంటే బల్లి తింటాదయ్యా.”

“బల్లి సంగతి దేవుడు చూసుకోడా?”

“ఆయప్ప నన్ను చూస్తాండాడు. నేను పురుగుల్ని చూస్తాండా. యెవురి పని వాళ్లు చేస్తాండాము. మీరు కానియ్యండి అయ్యా, ఆమెన్ దాకా నేను కాపలా ఉంటా.”

పాస్టరుగారు కానిచ్చారు. ఆ తర్వాత వచ్చినప్పుడు ఆయన కూడా ఒక కన్ను తెరుచుకునే ప్రార్థించారని నేను చాలామందికి చెప్పాను. ఆయన తెరవలేదు. తెరిస్తే బాగుండేదని నాకు అనిపించింది.

ప్రార్థన అయ్యాక సంగటి వడ్డించేది. తినడానికి ముందు ఒక పని ఉండేది. ఆ రోజు కంటితో చూసినదాన్ని ఒకటి చెప్పాలి. చెప్పిందాన్ని మళ్లీ చెప్పకూడదు. “ఈపొద్దు ఏం జూస్తివి?” అని అత్త ముందు మామను అడిగేది. ఆయన మాటలు తక్కువ మనిషి. పొద్దున్నే ఆకు కోసేది ఆయనే కాబట్టి ఎప్పుడూ ఒకటే జవాబు: “ఆకు.” “ఏమాకు?” అంటే అప్పుడు చెప్పేవాడు. ఒకే కొమ్మకు ఒక ఆకు చీలి ఉంది, ఇంకోటి చీలకుండా ఉంది. లేదంటే, ఆకు వెనక మంచు, ముందుపక్క లేదు. అంతే. అత్త తల ఊపి “చాలు, తిను” అనేది. ఆ మాట పడితేగాని ఎవరూ ముద్ద ఎత్తకూడదు.

తర్వాత నా వంతు. ఆకుతో సరిపెట్టుకునే వయసు కాదు నాది. పైగా నా పేరు దానియేలు, బైబిలులో సింహాల గుహలో పడ్డవాడి పేరు. ఒక సాయంత్రం గుట్ట కింద సింహాన్ని చూశానని చెప్పాను.

“సింహమా?” అత్త ఆశ్చర్యపోయినట్టే అడిగింది. “జూలు ఉండెనా?”

“కొంచెం ఉండె.”

“తోక యాడుండె?”

“యెనకాల. చుట్టుకోని.”

“చుట్టుకోనుంటే పండుకోనుండె. పండుకోని ఏం చేస్తాండె?”

“...చెవి ఎత్తి పెట్టుకోనుండె.”

“యాల?”

“కాకి చెవిలో పిడుదులు ఏరుతాండె.”

మామ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. అత్త నవ్వలేదు. “అంటే కుక్క,” అంది. “కుక్క. కాకికి అందాలని చెవి ఎత్తి పెట్టుకోనుండె. కాకి ఆ చెవి అయినాక ఈ చెవికి వచ్చెనా?”

“వచ్చె. కుక్కే తల తిప్పి ఇచ్చె.”

“కుక్కే తల తిప్పిచ్చెనా!” అని అత్త దీపం వత్తి కొంచెం ఎగదోసింది. “ఇంత చూసి, దీన్ని ఇడ్సిపెట్టి సింహం యాలరా నీకి? పేరు దానియేలైతే సింహం రావాల్నా? చాలు, తిను.”

అలా నా అబద్ధాల తోకలన్నీ ఆమె కోస్తూ వచ్చింది. కొట్టింది లేదు, తిట్టింది లేదు. అడిగేది, అంతే. అడుగుతూ పోతే చివర ఏదో ఒకటి మిగిలేది, అది నేను తెచ్చిన సింహం కన్నా బాగుండేది. ఆ రుచి తెలిసినవాణ్ణి గనుక మరింత పెద్ద సింహాల్ని తెచ్చేవాణ్ణి, కోయించుకోవడానికి.

పురుగుల జ్వరం గురించి కూడా చెప్పాలి. పురుగు పెరిగేకొద్దీ పాత చర్మం చాలదు. విడవడానికి ముందు ఒక రోజు మేత మానేస్తుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. పుట్టినప్పటినుంచి గూడు కట్టేలోపు నాలుగు జ్వరాలు. ఆ రోజు ఇంట్లో వాన ఆగిపోతుంది. తట్టనిండా పురుగులు ముందు సగం పైకి లేపి, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతాయి. మొదటిసారి చూసి నేను చచ్చిపోయాయనుకుని ఏడ్చాను. “ప్రార్థనలో ఉండాయిరా,” అంది అత్త గొంతు తగ్గించి. “ఆకేయొద్దు, అరవొద్దు.” “కండ్లు మూసుకోనుండాయా అత్తా?” అని అడిగాను. “పురుగుకు రెప్పలు యాడివి? దేవుడు పెట్టలా. తెరుచుకోనే చేస్తాండాయి,” అంది. అంతకన్నా పెద్ద వేదాంతం నేను తర్వాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివిన పుస్తకాలు తక్కువే, అది వేరే సంగతి.

తర్వాత తాలూకా ఆఫీసులో గుమాస్తా పని, చింతామణిలో అద్దె ఇల్లు, పెళ్లి. మా ఆవిడ గ్రేసమ్మది బాగేపల్లి. పెళ్లయ్యాక మొదటిసారి అత్త ఇంటికి వెళ్లిన సాయంత్రం, సంగటి ముందు పెట్టుకుని అత్త కొత్తకోడలిని అడిగింది: “ఏమ్మా, ఈపొద్దు ఏం జూస్తివి?” గ్రేసమ్మకు ఈ ఆచారం తెలియదు. “ఏమీ లేదత్తా” అంది సిగ్గుపడి. “ఏమీ లేదా? ఇంత దూరం బస్సులో వచ్చి ఏమీ లేదా?” గ్రేసమ్మ నావైపు ఒకసారి చూసి, తల వంచుకుని చెప్పింది. “బస్టాండులో ఈయప్ప చెప్పు తెగె. నాకు కనబడకుండా తిరుక్కోని పిన్నీసు పెట్టుకునె. నేను చూసీ చూడనట్టు ఉంటిని.” అత్త పగలబడి నవ్వింది. “ఈ పిల్ల పనికొస్తాది. చాలు, తిను తల్లీ.” మామ చనిపోయాక, అత్త కూడా చనిపోయాక, పెద్ద గదిని, పొలాన్ని పక్కింటి రెడ్డిగారి కుటుంబానికి ఇచ్చేశాక, ఆ ప్రశ్న మాత్రం గ్రేసమ్మ నోట్లోకి వచ్చి చేరింది. తోకలు కోయడంలో అత్తను మించింది. నేను పత్రికకు పంపే పేజీ ఏదైనా ముందు ఆమె కంచం దగ్గర కోత పడాల్సిందే. చీమ పేజీలో నేను మొదట తేలును రాశాను.

పోయిన మామిడికాయల కాలంలో గ్రేసమ్మ చనిపోయింది.

ఆ తర్వాత ఎప్పటినుంచో సరిగ్గా తెలియదు, ప్రార్థనలో నా కళ్లు వాటంతటవే మూసుకుపోవడం మొదలుపెట్టాయి. చర్చిలో ఎదుటి వరస పిల్లలు నాకోసం వెతికి, నేను దొరక్క, పెద్దవాళ్లలో కలిసిపోయాననుకుని ఉంటారు. ఇంట్లోనూ అంతే. కళ్లు మూసుకుంటే రెండో కుర్చీ కనబడదు. అన్నం పొయ్యి దగ్గర నిలబడే తినేసేవాణ్ణి. కూర్చుంటే ఎవరో అడగాలి కదా. రోజు గడిచేది, చూసింది ఏమీ ఉండేది కాదు. పాలవాడు, కరెంటు పోవడం, కరెంటు రావడం. పత్రిక చూసుకునే యువపాస్టరు ఫోను చేసి, “అంకల్, మీ పేజీ లేక పుస్తకం బోసిగా ఉంది” అంటే సిగ్గేసి, ఒకటి కూర్చుని రాశాను. ఉదయం ప్రార్థనలో ఉండగా ఒక పిచ్చుక కిటికీలోంచి వచ్చి మా ఆవిడ ఫొటో మీద వాలిందని, అప్పుడే గదిలోకి వెలుగు వచ్చిందని, నాకు ఓదార్పు కలిగిందని. అచ్చయిన వారం ఫోనునిండా దండాలు, స్తోత్రాలు. కళ్లనీళ్లు వచ్చాయన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, “ఫొటో యాడుండాది?” అని అడగలేదు. ఫొటో గోడకు లేదు. చూడలేక బైబిలులో కీర్తనల మధ్య పెట్టేశాను. పిచ్చుక మా వీధిలో కనబడి ఏళ్లయింది. ఓదార్పు సంగతి మీకే తెలుస్తుంది.

అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు, ఈ వ్యాసం చదువుతున్నవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కొత్త ఏమిటంటే, ఈ తోకను ఎవరూ కోయలేదు. కోస్తే కింద ఏమీ లేదు కూడా. కుక్క లేదు, కాకి లేదు. ఇలాంటిది ఇంకొకటి రాశానంటే ఆ తర్వాత నా పేజీని నేనే నమ్మను, నా ప్రార్థనను కూడా నమ్మలేను అని భయం పట్టుకుంది. మరుసటి నెల పేజీకి ఫోను రాకముందే, ఒక పొద్దున కెంచార్లహళ్ళి బస్సెక్కాను.

అత్త ఇల్లు రేకుల కప్పుతో ఉంది, పెద్ద గది మాత్రం పురుగులదే. రెడ్డిగారి కోడలు నాగమ్మ, యాభై దాటిన మనిషి, గడప దగ్గరే ఆపింది.

“యెవురప్పా? ఓ, రాహేలమ్మవ్వ మేనల్లుడా! రాప్పా రా. కాళ్లు కడుక్కో. సెంటు గింటు పూసుకోలేదు కదా? జేబులో బీడీ ఉంటే బయటే పెట్టు.”

లోపల వెదురు చట్రాల బదులు ఇనుపవి, తట్టల బదులు నైలాను వల పరిచిన అంతస్తులు. ఇప్పుడు ఆకు తరగరు, కొమ్మలే పరుస్తారు. గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. వాన చప్పుడు లేదు. నాలుగో జ్వరం. పురుగుల పడకల మీద పలుచగా సున్నం చల్లి ఉంది.

“ఈ గదిలో మా అత్త వెయ్యి తట్టలు మేపిందమ్మా,” అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని.

“వెయ్యా?” నాగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని గదిని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. “యాడ పెట్టిందప్పా? నెత్తిన పెట్టుకునెనా?”

“ఒక వంద ఉంటాయి.”

“వంద పెడితే మనిషి యాడ నిలబడాల? గాలి యాడ్నించి రావాల?”

“...ఇరవయ్యో, ముప్పయ్యో.”

“అట్ల చెప్పు.”

గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. గ్రేసమ్మ చనిపోయిన తర్వాత ఎవరూ నన్ను అలా అడగలేదు. “ఏమప్పా, తల తిరుగుతాండాదా? నీళ్లు ఇయ్యాల్నా?” అంది. వద్దన్నాను. ఆమె ఒక బోర్లించిన గంప చూపించింది. “కూచో. ఇంక జ్వరం నుంచి లేచే పొద్దయింది, కొన్ని చర్మం విడుస్తాండాయి చూడు. తాకొద్దు. నేను కొమ్మలు కోసుకొస్తా. బల్లి దిగితే అదిలించు.” నా చేతికి చీపురుపుల్ల ఇచ్చి వెళ్లిపోయింది.

బల్లి కాపలాకు కూర్చున్నవాడు కళ్లు మూసుకోకూడదు. నేను మూసుకోలేదు. ప్రార్థన చేస్తున్నానని కూడా అనుకోలేదు. నా కంటికి దగ్గరగా ఉన్న ఒక పురుగును పట్టుకున్నాను, చూపుతోనే. తల ఎత్తి ఉంది. ముక్కు చివర నల్లటి చిన్న పెంకు, అదే దాని పాత ముఖం. దాని వెనక కొత్తది పెద్దగా, పాలమీగడ రంగులో ఉబ్బి ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మెడ దగ్గర చర్మం చిట్లింది. పురుగు ముందుకు జరుగుతుంటే పాత చర్మం, కాలికి పట్టిన తడి మేజోడు లాగా, వెనక్కి వెనక్కి పోయింది. నల్ల పెంకు మాత్రం మూతికి అంటుకునే ఉంది. పురుగు తల ఇటు ఊపింది, అటు ఊపింది, పక్క కొమ్మకు రాసుకుంది. ఊడిపోయింది. నువ్వుగింజంత. దాని పాత ముఖం సున్నం మీద పడి ఉంది. పురుగు కొత్త ముఖంతో, ఇంకా తడిగా, దాని పక్కనే ఉండిపోయింది. ఎక్కడికీ పోలేదు. దానికీ అలసట ఉంటుందేమో.

నాగమ్మ కొమ్మల మోపుతో తిరిగి వచ్చింది. “ఏం జూస్తివప్పా ఇంతసేపు?” అని అడిగింది. చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె విని, “చాలు లే అప్పా, లేసి తిందువు రా” అని పెరట్లో సంగటి వడ్డించింది.

ఇక్కడ ముగిస్తే పేజీ చక్కగా ఉంటుంది. పత్రికకు ఇలాగే రాసి, కవరులో పెట్టి, మళ్లీ బయటికి తీశాను.

నాగమ్మ అలా అడగలేదు. ఆమె అన్నది, “ఇంకా ఈడ్నే ఉండావా? బస్సు పోయింటాది కదప్పా!” అని. కొమ్మలు దించి తడి గోనె కప్పింది. ఎవరూ అడగకపోయినా నేనే మొదలుపెట్టి పురుగు సంగతి చెప్పాను. దానికి ఆమె “ఊఁ, అన్నీ అట్లే విడుస్తాయి” అంది, చీపురుపుల్ల నా చేతిలోంచి తీసుకుంటూ. సంగటి లేదు. లోటాతో మజ్జిగ ఇచ్చింది, మంచి మనిషి. వెయ్యి తట్టల మాట మాత్రం నిజంగా జరిగింది. బస్సు నిజంగానే పోయింది. రోడ్డు పక్క రాతిబండ మీద ఇంకో బస్సుకోసం సాయంత్రం దాకా ఒక్కణ్ణే కూర్చున్నాను. అక్కడ నాకేమీ కనబడలేదు. కనబడిందని రాయను.

ఇంటికొచ్చి అన్నం వండుకుని, చాలా రోజుల తర్వాత కంచం ముందు కూర్చున్నాను. బైబిలులోంచి ఫొటో తీసి ఊరగాయ జాడీకి ఆనించాను. జారింది. మళ్లీ ఆనించాను. కళ్లు తెరుచుకునే ప్రార్థన చేశాను. ఎదుటి కుర్చీ ఖాళీగానే కనబడింది, కనబడనిచ్చాను. తర్వాత చెప్పాను: ఒక పురుగు దాని పాత ముఖాన్ని పక్కన పెట్టింది, నేను చూశాను. ఒక్కటే పురుగు. వెయ్యి కాదు.

పిచ్చుకేమీ రాలేదు. కాసేపు ఆగి, తిన్నాను.